పేరు మోసే చొక్కా

2025 నవంబర్ 5, బుధవారం

ఇక మన జొన్నరొట్టె చేరవేసే పిల్లలకు టీషర్టులు కొట్టించాల్సిందే. ఎందుకు కొట్టిస్తున్నానో ముందే రాసిపెట్టుకుంటున్నాను, రేపు ధరలు విన్నాక మనసు వెనక్కి పోకుండా.

మొదటి కారణం గేటు. శంకర్‌పల్లి రోడ్డు పొడుగునా, ఔటర్ రింగు రోడ్డు పక్కన లేచిన అపార్టుమెంట్లలో మన జొన్నరొట్టె తినేవాళ్లు బాగా పెరిగారు. స్విగ్గీ, జొమాటో కుర్రాళ్లను చొక్కా రంగు చూసే వాచ్‌మన్ లోపలికి వదులుతాడు. మన పిల్లల్ని మాత్రం ఆపుతాడు, పైకి ఫోన్ కొడతాడు, వాళ్లు ఎత్తకపోతే నిలబెడతాడు. అతని పని అతను చేస్తున్నాడు, తప్పుపట్టలేను. కానీ జొన్నరొట్టె ఆగదు. పెనం మీద నుంచి దిగిన కాసేపటికే బిరుసెక్కడం మొదలవుతుంది.

రెండోది ఫ్యాక్టరీలు. పాశమైలారం, ఇస్నాపూర్, రుద్రారం దాకా షిఫ్టుల వాళ్లకు రొట్టె పోతోంది. తిన్నవాళ్లను "ఎక్కడి రొట్టె?" అని అడిగితే "కాంట్రాక్టర్ తెప్పిస్తడు" అంటారు. కర్దనూర్‌లో పదమూడు మంది చేతుల మీదుగా తయారైన వస్తువుకు ఊరూ పేరూ లేకుండా పోతోంది.

మూడోది, పిల్లలే అడిగారు. "అక్కా, మనకు గూడ డ్రెస్ ఉంటే మంచిగుంటది." ఇది అన్నిటికన్నా పెద్ద కారణం.

ఈ రోజు కార్తీక పౌర్ణమి. ఉపవాసాల నెలలో రాత్రి అన్నం మాని రొట్టె తినే ఇళ్లు ఎక్కువ. ఈ గిరాకీ తగ్గేలోపే పని మొదలుపెట్టాలి. ఖర్చు పదివేలు దాటకూడదు.

నవంబర్ 8, శనివారం

పటాన్‌చెరులో ప్రింటింగ్ షాపుకు పోయాను. షాపతను నాకంటే చిన్నవాడే, ఓపికగా చెప్పాడు. నేను "టీషర్ట్ ఎంత?" అని అడిగితే, అతను ధర చెప్పకుండా నాలుగు టీషర్టులు బల్ల మీద పరిచి "ముందు చెయ్యి పెట్టి చూడక్కా" అన్నాడు.

బట్ట బరువును జీఎస్‌ఎమ్‌లో చెబుతారు, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో. ఎన్నికల్లో పంచేవి, మారథాన్‌లో ఇచ్చేవి పలచగా ఉంటాయి. లైటుకు అడ్డం పెడితే అవతల నా వేళ్లు కనబడ్డాయి. 180 జీఎస్‌ఎమ్ గుండ్రమెడది రోజువారీ వాడకానికి నిలుస్తుంది. కాలరున్న మ్యాటీ బట్ట 220 దాకా ఉంటుంది. దగ్గరగా చూస్తే చిన్న చిన్న గళ్లుగా అల్లి ఉంది, గాలి ఆడుతుంది, కాలరు వల్ల మనిషికి ఒక నిండుతనం వస్తుంది. బయోవాష్ చేసిందైతే బట్ట మీద నూగు లేచి ఉండలు కట్టదట. ఎంజైములతో కడిగి పైన తేలిన పోగులు తీసేస్తారు.

ఇవన్నీ వచ్చేది తిరుప్పూర్ నుంచి. దేశంలో అల్లిక బట్టకు అదే పెద్ద ఊరు. మా జిల్లాలో సదాశివపేట చుట్టుపక్కలంతా పత్తి. ఇక్కడి జిన్నింగు మిల్లుల్లో గింజ వేరుపడుతుంది, దూది బేళ్లు కట్టి పోతుంది. ఎక్కడో దారమై, ఇంకెక్కడో బట్టయి, రంగు అద్దుకుని పటాన్‌చెరు బల్ల మీదికి తిరిగొస్తుంది. రంగు అనగానే నక్కవాగు గుర్తొచ్చింది. ఫ్యాక్టరీల నీళ్లతో ఆ వాగు ఏమైందో ఈ పక్క ఊళ్ల వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. తిరుప్పూర్‌లో నొయ్యల్ నదికీ అదే గతి పట్టింది. 2011లో మద్రాసు హైకోర్టు ఆదేశంతో అక్కడి అద్దకం యూనిట్లు మూతపడ్డాయి. మురికినీటిని బొట్టు బయటికి వదలకుండా శుద్ధి చేసుకున్నాకే తెరవాలన్నారు. పలచటి చొక్కా పది కొని మూడు నెలల్లో పారేసేకంటే, మంచిది ఒకటి కొని రెండేళ్లు తొడగడమే మేలని అక్కడే నిర్ణయించుకున్నాను.

జీఎస్టీ గురించి అడిగాను. సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు బట్టలకు 5 శాతం. అంతకుముందు ఆ గీత వెయ్యి దగ్గర ఉండేది. నేను కొనే ధరకు అప్పుడైనా ఇప్పుడైనా ఐదే.

నవంబర్ 11, మంగళవారం

ప్రింటు ఎలా వేస్తారో చూపించమంటే వెనక గదిలోకి తీసుకుపోయాడు. ఇంత పని ఉంటుందనుకోలేదు.

చెక్క ఫ్రేముకు సన్నటి జాలీగుడ్డ బిగించి ఉంది. దాని మీద ఎమల్షన్ పూసి చీకట్లో ఆరబెడతారు. డిజైన్‌ను పారదర్శకమైన ఫిల్ము మీద నల్లగా తీసి, దాన్ని జాలీకి ఆనించి కింద లైటు వేస్తారు. వెలుతురు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది. నల్లటి అక్షరాల కింద మెత్తగానే ఉండిపోతుంది. నీళ్లు కొడితే ఆ మెత్తటిది కొట్టుకుపోయి అక్షరం ఆకారంలో దారి తెరుచుకుంటుంది. ఇక చొక్కా పరిచి, ఫ్రేము దించి, రంగు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు. ఫ్రేము ఎత్తితే బట్ట మీద అక్షరాలు. అతని భుజం నుంచి మణికట్టు దాకా ఒకే ఒత్తిడితో చెయ్యి కదిలింది. ఒత్తిడి మారితే ఒక పక్క చిక్కగా, ఒక పక్క పలచగా పడుతుందట.

ప్రతి రంగుకూ ఒక ఫ్రేము కావాలి. పెడన కలంకారీ అద్దకంలోనూ పద్ధతి ఇదే, ఏ రంగుకు ఆ చెక్క అచ్చు వేరు. అందుకే రంగులు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, చొక్కాలు పెరిగితే ఒక్కోదాని మీద ఖర్చు తగ్గుతుంది. ముందర ఒకటి, వీపు మీద ఒకటి వేయాలంటే రెండు ఫ్రేములకు వెయ్యి రూపాయలు. 14 చొక్కాలకైతే ఒక్కోదాని మీద 71 పడుతుంది. వందకైతే పదే.

డీటీఎఫ్ అని ఇంకొకటి ఉంది. మిషన్ ఫిల్ము మీద బొమ్మ వేసి, జిగురు పొడి చల్లి, వేడి ప్రెస్సుతో బట్టకు అంటిస్తుంది. ఫొటో అయినా, పది రంగులైనా ఫర్వాలేదు, ఒక్క చొక్కాకైనా చేస్తారు. సబ్లిమేషన్‌లో రంగు ఆవిరై పోగులోకే దిగిపోతుంది, చేతికి అసలు తగలదు. అయితే అది పాలిస్టరు మీదే, అదీ లేతరంగు బట్ట మీదే నిలుస్తుంది. క్రికెట్ టీముల జెర్సీలకు అదే వాడేది.

పాలిస్టరు తక్కువకు వస్తుంది, తొందరగా ఆరుతుంది. కానీ మన దగ్గర మంట ఉంది. పాలిస్టరుకు నిప్పు తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పొయ్యి దగ్గర తిరిగే మనిషికి అది తొడిగించలేను. నూలు బట్టే, ఒకటే రంగు, స్క్రీన్ ప్రింట్. ఇందులో ఇక మార్పు లేదు.

నవంబర్ 15, శనివారం

ఏం రాయాలి, ఎక్కడ రాయాలి అన్నదాని మీద రాత్రి అందరం కూర్చున్నాం.

మాటలు రెండే: కర్దనూర్ జొన్నరొట్టె. నినాదం వద్దన్నాను. "ఆరోగ్యం", "సంప్రదాయం" లాంటివి వద్దన్నాను. బండి మీద పోయే మనిషి వీపు మీద అక్షరాలు చదవడానికి వెనకవాడికి దొరికేది సిగ్నల్ దగ్గర కొన్ని క్షణాలే. రెండు మాటలకు మించి చదవడు.

బండికి వెనక రొట్టెల డబ్బా కడతాం కదా, సగం వీపు దాకా అది కప్పేస్తుంది. చొక్కా వీపు మధ్యలో వేస్తే అది ఎవరికీ కనబడదు. కాబట్టి మెడ కింద, భుజాల మధ్య, రెండంగుళాల ఎత్తు అక్షరాలు. ముందర ఎడమ రొమ్ము మీద చిన్నగా. వాచ్‌మన్ చూసేది అదే.

క్యూఆర్ కోడ్ వేద్దామని ఒక తమ్ముడు అన్నాడు. కదిలే వీపు మీద దాన్ని ఎవరు స్కాన్ చేస్తారు? డబ్బా మీద వేయిస్తాం, అక్కడ పనికొస్తుంది. మన ఫోన్ నంబరు కూడా డబ్బా మీదే.

ఫ్యాక్టరీల్లో బిహార్, ఒడిశా, యూపీ వాళ్లు ఎంతోమంది. వాళ్లకు తెలుగు చదవరాదు. అపార్టుమెంట్లలో ఇంగ్లిష్ చదువుతారు. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడు లిపులూ వేద్దామని మావారు. నేను ఒప్పుకోలేదు. భాష రానివాళ్లకు బొమ్మ ఉంటుంది: గుండ్రటి రొట్టె, దాని పక్కన జొన్న కంకి. అక్షరాలు మాత్రం తెలుగులోనే. ఈ రొట్టె పుట్టిన నేల మీద, ఈ రొట్టె తట్టే చేతులు మాట్లాడే భాష అది. దాన్ని చిన్నక్షరాల్లోకి తొయ్యడం నాకు ఇష్టం లేదు. అందరూ ఒప్పుకున్నారు.

రంగు దగ్గర వాదన జరిగింది. పిల్లలకు నలుపు కావాలి. నలుపు మీద పిండి కనబడుతుంది, అది సర్దుకోవచ్చు. రాత్రి పదింటికి షిఫ్టు మారే వేళ లారీల మధ్య నుంచి పోయే పిల్లవాడు నల్లచొక్కాలో కనబడకపోతే మాత్రం సర్దుకోలేను. పచ్చజొన్న రంగు ఖాయం చేశాం. లేతరంగు బట్ట కాబట్టి కింద తెల్లపూత అక్కర్లేదు, ముదురు మెరూన్ ఒక్కసారి లాగితే చాలు. వీపు మీద అక్షరాల కింద లైటు పడితే మెరిసే పట్టీ కూడా వేయమన్నాను. చొక్కాకు పదిహేను రూపాయలు ఎక్కువ. అది తగ్గించుకునే ఖర్చు కాదు.

నవంబర్ 20, గురువారం

డీటీపీ సెంటర్ నుంచి ప్రూఫు వచ్చింది. చూడగానే ప్రాణం ఉసూరుమంది. "జొన్‌నరొట్‌టె" అని ఉంది. న కింద వత్తుగా ఒదగాల్సిన న, పొల్లు పక్కన విడిగా నిలబడింది, ట కిందదీ అంతే. "కర్దనూర్" కాస్తా "కర్‌దనూర్" అయింది.

జరిగింది ఇది. ఫోన్‌లో మనం కొట్టేది యూనికోడ్ తెలుగు. డీటీపీ వాళ్లు ఏళ్ల తరబడి వాడుతున్నది అను ఫాంట్లు. వాటిలో తెలుగు ముక్కలన్నీ ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ గుర్తుల కలగాపులగం కనిపిస్తుంది. ఇటు యూనికోడ్ మాటను పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే వత్తులు ఎక్కడ కూర్చోవాలో దానికి తెలియదు. అక్షరాలను వరసగా పేర్చేస్తుంది, అంతే. మన భాషలో వత్తు లేని వాక్యాలు ఎన్ని ఉంటాయి? బస్సుల మీద, ఫ్లెక్సీల మీద, దుకాణాల బోర్డుల మీద ఇలా విరిగిన తెలుగును చూసీ చూసీ కళ్లు అలవాటు పడిపోయాయి. అలవాటు పడకూడదు.

దగ్గర కూర్చుని చేయించాను. రామభద్ర ఫాంట్ దించమన్నాను. లావుగా, గుండ్రంగా, దూరం నుంచి చదవడానికి వీలుగా ఉంటుంది. మండలి, మల్లన్న, సూరన్న, పెద్దన, ధూర్జటి, ఇలా ఎన్నో తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వ్యాపారానికి వాడుకున్నా రుసుము లేదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మాట కొట్టి, అక్షరాలన్నీ సరిగా కూర్చున్నాక కర్వ్స్‌లోకి మార్పించాను. అప్పుడది బొమ్మ అవుతుంది. ఏ కంప్యూటర్‌లో తెరిచినా విరగదు. ఫైలు వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దని, డాక్యుమెంట్‌గా పంపమని కూడా చెప్పాను. ఫొటోగా పోతే కుదించుకుపోయి అంచులు పళ్లు తేలతాయి.

ఇంకొక సంగతి. కంకి బొమ్మ అని వాళ్లు పెట్టింది గోధుమ కంకి! ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ అది. ఇక్రిశాట్ 1972 నుంచి ఈ పటాన్‌చెరులోనే ఉంది, జొన్న వాళ్లు పనిచేసే ముఖ్య పంటల్లో ఒకటి. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు జొన్న, కొర్ర, సామ విత్తనాలను కాపాడుకుంటూ వచ్చారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించేనాటికి వాళ్లది ఎన్నో ఏళ్ల పని. ఇలాంటి జిల్లాలో జొన్నరొట్టె చొక్కా మీద గోధుమ కంకి ఉండడానికి వీల్లేదు. ఝరాసంగం దగ్గర మా అమ్మగారింట్లో విత్తనానికి దాచిన కంకుల కట్ట ఉంటుంది. తమ్ముడికి చెప్పి ఫొటో తెప్పించాను. గోధుమకు మీసాలుంటాయి. జొన్న కంకి నిండుగా, గింజ గింజ బయటికి కనబడుతూ ముద్దకట్టినట్టు ఉంటుంది. దాన్ని చూసి గీయించాను.

నవంబర్ 24, సోమవారం

నేను ఇన్నాళ్లూ మగపిల్లల చొక్కాల గురించే ఆలోచిస్తున్నానని, మా దగ్గర రొట్టె తట్టే పెద్దమ్మ మాటతో తెలిసొచ్చింది. పిండి కలుపుతూ, తల ఎత్తకుండానే అంది: "రొట్టె కొట్టేది మేము. పేరేమో బండి మీద పోయేటోళ్లకా?"

మా దగ్గర రొట్టె తట్టేవాళ్లు ఆరుగురు. అందరూ చీరలే. "నీకూ తెప్పిస్తా పెద్దమ్మా" అంటే, "టీషర్టా? చీర మీద గదెట్ల ఏస్కుంటం బిడ్డా?" అని నవ్వింది. నవ్వినా, అడిగిన మాట వెనక్కి తీసుకోలేదు.

జవాబు కూడా ఆమె దగ్గరే దొరికింది. పత్తి ఏరబోయేటప్పుడు ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటారు. ఎండ తగలదు, పత్తికాయ తొడిమలు గీరవు. ఈ చుట్టుపక్కల చేలల్లో పనికి పోయే ప్రతి ఆడమనిషికీ అలవాటైన దుస్తు అది. పెద్దమ్మ ఇప్పటికీ పొయ్యి సెగకు చేతులు కాలకుండా తన కొడుకు పాత చొక్కా వేసుకుని కూర్చుంటుంది. అదే చొక్కా, నూలుది, గుండీలది, ఆమె కొలతకు కొత్తది తెప్పిస్తే సరి. జేబు మీద కర్దనూర్ జొన్నరొట్టె. స్క్రీను అదే, దానికి కొత్త ఖర్చు లేదు.

రొమ్ము మీద పెద్ద ప్రింటు వద్దని కూడా చెప్పాను. రంగు పూత ఉన్న చోట గాలి ఆడదు, సెగ దగ్గర చెమట పోస్తుంది. జేబంత చాలు. డబ్బా మీద వేసిన ఫోన్ నంబరు ఆడవాళ్ల చొక్కా మీద ఎంత చిన్నదిగానైనా ఉండకూడదు. దారిలో నడిచిపోయే ఆడమనిషి ఒంటి మీద నంబరు రాసి పంపడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు.

మనిషికి రెండు. ఒక్కటే ఇస్తే రాత్రి ఉతికి తడిదే పొద్దున తొడగాలి, లేకుంటే మాసిందే తొడగాలి.

నవంబర్ 27, గురువారం

లెక్క తేలింది. డెలివరీ పిల్లలు ఐదుగురు, సరుకు పనికి ఇద్దరు: 14 కాలరు టీషర్టులు, 260 చొప్పున 3,640. ఆడవాళ్లకు 12 చొక్కాలు, 320 చొప్పున 3,840. ఫ్రేములు రెండు, వెయ్యి. ముందు ప్రింట్లు 26, వీపు ప్రింట్లు 14, మొత్తం 40, ఇరవై చొప్పున 800. మెరిసే పట్టీలు 210. మొత్తం 9,490. జీఎస్టీతో కలిపి 9,964 రూపాయల 50 పైసలు. పదివేల లోపే.

సైజులు అడిగితే అందరూ "ఎల్" అన్నారు. ఒక కంపెనీ ఎల్‌కూ ఇంకో కంపెనీ ఎల్‌కూ పొంతన ఉండదు. మీకు బాగా నప్పే చొక్కా తెచ్చుకోండి అన్నాను. నేల మీద పరిచి, చంక నుంచి చంకకు టేపు పెట్టి కొలిచి అంగుళాల్లో రాసి ఇచ్చాను. నూలు బట్ట ఉతికితే కొంచెం దగ్గరపడుతుంది, అందుకు అరంగుళం వదిలాం.

సగం డబ్బు అడ్వాన్సు. ఒక షరతు పెట్టాను: ముందు ఒక్క చొక్కా వేసి ఇవ్వాలి, దాన్ని నేను చూశాకే మిగతావి. అతను వెంటనే ఒప్పుకున్నాడు కానీ గడువు ఇవ్వలేకపోయాడు. పంచాయతీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. డిసెంబర్ 11, 14, 17, మూడు విడతలు. ప్రింటింగ్ పని అంటూ తెలిసిన ప్రతివాడికీ రాత్రింబగళ్లు ఊపిరి తిరగడం లేదు.

ఎన్నికలకూ ఈ చొక్కాలకూ పాత స్నేహమే. 1948లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన థామస్ డ్యూయీ పేరుతో వేసిన టీషర్టు అక్కడి మ్యూజియంలో ఉంది. ప్రచారం కోసం బట్ట మీద పేరు కొట్టిన తొలినాటి చొక్కాల్లో అదొకటి. ఆ ఎన్నికలో డ్యూయీ ఓడిపోయాడు, ట్రూమన్ గెలిచాడు. చొక్కా మీది పేరు మనిషి కంటిదాకే పోతుంది. అక్కడి నుంచి వస్తువే మాట్లాడాలి.

డిసెంబర్ 3, బుధవారం

నమూనా చొక్కా వచ్చి కొన్ని రోజులైంది. నాకు తెలిసిన పరీక్షలన్నీ పెట్టాను.

ప్రింటు ఉన్న చోట రెండు చేతులతో లాగాను. రంగు సరిగా కాలకపోతే అక్కడ జాలీలా పగులుతుంది. ఈ ప్లాస్టిసాల్ రంగు గాలికి ఆరేది కాదు, దాదాపు 160 డిగ్రీల వేడి తగిలితేనే గట్టిపడుతుంది. పైన ఆరినట్టు కనబడినా లోపల పచ్చిగా ఉంటే రెండు ఉతుకులకే పోతుంది. లాగితే సాగింది, వదిలితే మళ్లీ సర్దుకుంది, పగుళ్లు లేవు. తెల్లగుడ్డ తడిపి అక్షరాల మీద గట్టిగా రుద్దాను. మెరూన్ అంటలేదు.

ఇక అసలు పరీక్ష. ఇక్కడ బట్టలు వాషింగ్ మిషన్‌లో పడేవి కావు. బోరు నీళ్లు, ఉప్పదనం ఎక్కువ. సబ్బుబిళ్ల, ప్లాస్టిక్ బ్రష్షు, బండ. నమూనా చొక్కాను పెద్దమ్మకు ఇచ్చి "మీ ఇంట్ల ఎట్ల ఉతుకుతవో అట్లనే ఉతుకు" అన్నాను. రోజూ ఉతికి ఎండేస్తోంది. ఇప్పటికి న వత్తు మూల కూడా లేవలేదు. కాలరు మాత్రం కొద్దిగా వంకర తిరిగింది. ఆ మాట షాపులో చెబితే కాలరుకు ఇంకొంచెం గట్టి రిబ్బు ఉన్న రకం చూపించాడు. ధర అదే. దానికి మార్చమన్నాను.

డిసెంబర్ 20, శనివారం

చొక్కాలు చేతికొచ్చాయి. షాపులోనే ఒక్కోటి విప్పి చూశాను. ఒకదాని వీపు మీద అక్షరాలు ఎడమకు జరిగాయి. చెప్పకముందే అతనే పక్కన పెట్టి, వేరేది కొట్టి ఇచ్చాడు. ఫ్రేములు రెండూ మన పేరుతో దాచి ఉంచమన్నాను, మళ్లీ ఆర్డరిస్తే ఆ వెయ్యి ఉండదు.

సాయంత్రం అందరికీ పంచాను. లోపలి వైపు తిప్పి ఉతకాలి, ప్రింటు మీద ఇస్త్రీపెట్టె పెట్టకూడదు, మురికి పోకపోయినా బ్లీచింగ్ వాడొద్దు. ఉతకడం గురించి ఈ మూడే చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను: పని లేని రోజు తొడుక్కోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, అడగను. చొక్కా నేనిచ్చినా ఒళ్లు వాళ్లది.

డిసెంబర్ 28, ఆదివారం

గేట్ల దగ్గర ఆపడం తగ్గింది. ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ డబ్బా మీద నంబరు చూసి నేరుగా ఫోన్ చేశాడు. ఇవి అనుకున్నవే. అనుకోనిది నిన్న జరిగింది.

ఒక ఇంట్లో రొట్టెలు విరిగి ముక్కలయ్యాయని, గట్టిపడ్డాయని మన పిల్లవాడిని గట్టిగా తిట్టారట. అతని రొమ్ము మీది పేరు పైకి చదివి మరీ తిట్టారట. వీడు రొట్టె చేసింది కాదు, పొట్లం కట్టింది కాదు. వీడి వంతు తెచ్చి ఇవ్వడం వరకే. చొక్కా లేనిరోజుల్లో ఆ తిట్టు ఎవరికీ తగలకుండా గాల్లో పోయేది. ఇప్పుడు వీడి రొమ్ముకే తగిలింది.

రాత్రంతా దీని గురించే ఆలోచించాను. పేరును ఒకరి ఒంటి మీద వేయడమంటే మన లోపాలకు కూడా వాళ్లను జవాబుదారీ చేయడం. బరువు వాళ్ల మీద పెట్టి అధికారం నా దగ్గర ఉంచుకుంటే అది అన్యాయం. పొద్దునే అందరినీ పిలిచి చెప్పాను. తలుపు దగ్గర రొట్టె బాగాలేదన్నారంటే, నిజమనిపిస్తే, డబ్బు అక్కడికక్కడే తిరిగి ఇచ్చెయ్యండి, లేదా మళ్లీ తెచ్చిస్తామని మాట ఇవ్వండి. నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు, ఎందుకిచ్చావని అడగను. ఎవరైనా నోరు పారేసుకుంటే ఆ ఇంటికి ఆర్డరు ఆపేద్దాం, అది కూడా మీరే చెప్పండి.

ఆడవాళ్ల వైపు కూడా అంతే. పిండి పాతదనిపిస్తే, జిగురు లేదనిపిస్తే ఆ రోజు తట్టబోమని చెప్పే హక్కు వాళ్లది. పెద్దమ్మ జొన్నపిండి పిడికిట్లో పట్టి చూసి తాజాదో కాదో చెప్పేస్తుంది. ఆమె వద్దన్న పిండి పెనం దాకా రాకూడదు.

2026 జనవరి 6, మంగళవారం

పండుగ ముందర రొట్టెల పని ఎక్కువైంది. మధ్యాహ్నం కాస్త తెరిపి దొరికితే పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను. చొక్కా జేబు మీద చెయ్యి పెట్టి, "ఇండ్ల ఊరి పేరుంది, రొట్టె పేరుంది. నా పేరు గూడ ఎయ్యొచ్చు గదా?" అంది. ఆమె సంతకం పెట్టడం పెద్దయ్యాక నేర్చుకుంది. రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం లాంటి కాగితాల మీద తప్ప ఆమె పేరు అచ్చులో ఎక్కడా లేదు.

పేర్లకు స్క్రీను పనికిరాదు, ఒక్కొక్కరికి ఒక్కో ఫ్రేము అవుతుంది. మిషన్ ఎంబ్రాయిడరీ సరైన దారి. కంప్యూటర్‌లో పేరు పెడితే దారంతో కుడుతుంది, చొక్కా చిరిగేదాకా ఉంటుంది. పటాన్‌చెరులో కనుక్కుంటే, ఉన్న చొక్కాల మీదే కుట్టి ఇస్తామన్నారు. తెలుగు వత్తులు మళ్లీ విరక్కుండా ఫైలు నేనే తయారు చేయించి ఇవ్వాలి.

అందరినీ విడివిడిగా అడిగాను. ఐదుగురు ఆడవాళ్లు కావాలన్నారు, ఒకామె వద్దంది. పిల్లల్లో ముగ్గురు కావాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. గేటు దగ్గర ఎవడైనా పేరు పెట్టి అరిస్తే బాగుండదన్నది వాళ్ల కారణం. సరుకు పని చేసే ఇద్దరూ ఆలోచించి చెబుతామన్నారు. కావాలన్నవాళ్ల పేర్లు వాళ్ల చేతే కాగితం మీద రాయించుకున్నాను, వాళ్లు రాసిన స్పెల్లింగే ఖాయం. వద్దన్నవాళ్ల చొక్కాలు అలాగే ఉంటాయి. సంక్రాంతి సెలవుల్లో కుట్టుకు ఇచ్చి, పండుగ తర్వాత పని మొదలయ్యేనాటికి తిరిగి తేవాలి.